గోడ మీద హెప్సిబా పేరు

కదిరప్ప బొటనవేలికి కళ్ళున్నాయని సర్జాపురలో చిన్నాపెద్దా అందరికీ తెలుసు. ఆ కళ్ళకు నోరు లేదని మాత్రం చాలాకాలం ఎవరికీ తెలియలేదు.

జిగణిలో గేర్లు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో అతను ఇరవై ఆరేళ్ళుగా ఫిట్టరు. అక్కడ ఇరుసు సరిగా వచ్చిందో లేదో కొలవడానికి జర్మనీ యంత్రం ఒకటుంది. ఆ యంత్రానికి చెమట పట్టకుండా ఏసీ గది ఒకటుంది. కదిరప్ప ఆ గది గడప తొక్కేవాడు కాదు. ఇరుసును బొటనవేలితో ఒక్కసారి నిమిరి, తలవెంట్రుకలో పదోవంతు తేడా ఉందనేవాడు. యంత్రం అరగంట తంటాలుపడి అదే మాటను కాగితం మీద కక్కేది. ఈ సంగతి కదిరప్ప నోట పడితే అరగంట కాస్తా ఒక పూటయ్యేది. రెండోసారి చెప్పినప్పుడు జర్మనీవాళ్ళే విమానం దిగి వచ్చి, అతని వేలికి కొలతలు తీసుకుని, తలలు ఊపుకుంటూ తిరిగిపోయేవాళ్ళు. బన్నేరుఘట్టలో కుంటుతున్న ఏనుగు మోకాలిని తానే సరిచేశాననీ, అది ఆ విశ్వాసంతో నాలుగు నెలలపాటు తన ఇంటి దిక్కుకే తల పెట్టి పడుకుందనీ కూడా చెప్పేవాడు. టీ గ్లాసు ఖాళీ అయ్యేదాకా అందరూ నమ్మేవాళ్ళు. గ్లాసు కింద పెట్టాక ఒక్కడూ నమ్మేవాడు కాదు.

నోరు ఎన్ని కోసినా వేలు మాత్రం ఎన్నడూ అబద్ధమాడలేదు. ఆ విద్య తండ్రిది. తండ్రి ఆవులప్ప ఆనేకల్లు కుస్తీ గరిడీలో ఉస్తాదు. పహిల్వాన్లకు నూనె పట్టించి, కీళ్ళు సర్ది, గోదాలోకి పంపేవాడు. ఆ గరిడీలో ఒక కట్టుబాటు ఉండేది. కుస్తీ దగ్గరపడ్డాక పహిల్వానుకు అతని ఒంట్లో లోపం ఎక్కడుందో చెప్పకూడదు. చెబితే వాడు ఆ కీలును కాచుకుంటూ ఆడతాడు. కాచుకుంటూ ఆడినవాడు ఓడిపోతాడు, ఒక్కోసారి మెడ విరుచుకుంటాడు. మరీ ప్రమాదం అనిపిస్తే ఉస్తాదు నోరు విప్పకుండా, గోడకు కొట్టిన మేకు మీద నుంచి వాడి లంగోటాను తీసి పెట్టెలో పెట్టేసేవాడు. పహిల్వాను పొద్దున్నే వచ్చి, ఖాళీ మేకును చూసి, ఎందుకని అడగకుండా ఇంటిదారి పట్టేవాడు. కదిరప్ప చిన్నప్పుడు అలాంటి ఖాళీ మేకుల కింద నిలబడ్డ కొండంత మనుషులను చూశాడు. వాళ్ళ మొహాలు అతనికి ఇప్పటికీ గుర్తే.

సర్జాపుర పాత బస్టాండు వెనక, కొత్త అపార్టుమెంట్ల నీడలో సిమెంటు బాస్కెట్‌బాల్ కోర్టు ఒకటుంది. పొద్దున ఐదున్నర నుంచి అక్కడ మూడు అమ్మాయిల టీములు ప్రాక్టీసు చేస్తాయి. మొత్తం ముప్పై మంది. వాళ్ళ మడమలకూ మోకాళ్ళకూ తెల్ల టేపు చుట్టి పంపేది కదిరప్పే. మధ్యాహ్నం షిఫ్టుకు ఫ్యాక్టరీ బస్సెక్కేదాకా అతని లోకం అదే. పన్నెండేళ్ళుగా ఆ పనికి అతను పుచ్చుకున్నది గేటు దగ్గర చిక్కమ్మ బండి మీది ఇడ్లీలు మాత్రమే. అవి ఎన్నో అడిగితే చిక్కమ్మ ఒక లెక్క చెబుతుంది, కదిరప్ప ఇంకో లెక్క చెబుతాడు.

లీగు పెట్టింది అమరనాథ్. మారతహళ్ళిలో కంప్యూటరు ఉద్యోగం, సర్జాపురలో కాపురం. పొద్దున్నే కోర్టు చుట్టూ నడవడానికి వచ్చి, నడవకుండా నిలబడి ఫోనులో అమెరికా ఆటగాళ్ళతో కాగితం టీము కట్టుకునేవాడు. వాళ్ళు అక్కడ నిజంగా ఆడే ఆటలో బుట్టలు వేస్తే ఇతని టీముకు పాయింట్లు. అదేమిటని చిక్కమ్మ అడిగింది. అతను చెప్పాడు. చెమట వాసన కూడా తెలియనివాళ్ళను ఏరుకుని ఏం సుఖం, మన పిల్లలను ఏరుకుందామంది చిక్కమ్మ. కోచ్ మోహన్‌కుమార్ సరేనన్నాడు. తాను తర్ఫీదిచ్చే పిల్లలనే తాను ఏరుకోవడం న్యాయమా అని అతన్ని ఎవరూ అడగలేదు. అడిగితే ఈలతో కొట్టేలా ఉంటాడు.

అట్లా కదిరప్పతో కలిపి నలుగురు ఓనర్లయ్యారు. సీజనుకు ముందు ఆదివారం డ్రాఫ్టు. కోర్టు సగం గీత దగ్గర నుంచి బంతిని దొర్లించాలి. ఎవరి బంతి స్టోరు గది గోడకు దగ్గరగా ఆగితే వాళ్ళు ముందు ఏరుకోవాలి. ముప్పై పేర్లూ టేపు ముక్కల మీద రాసి ఉంటాయి. ఏరుకున్న ముక్కను తీసుకుని గోడ మీద తమ పేరు కింద అంటించుకోవాలి. ఒక్కొక్కరికి ఆరుగురు. వారం మధ్యలో ఇచ్చిపుచ్చుకోవచ్చు. ఆ ట్రేడులకు గడువు గురువారం ప్రాక్టీసు ముగిసే ఈల. ఆ ఈల తర్వాత గోడ మీద చెయ్యి వేసినవాళ్ళ వరసంతా ఖాళీ, ఆ ఏడంతా కోర్టు ఊడ్చే పని వాళ్ళదే. శనివారం మ్యాచుల పాయింట్లు అమరనాథ్ లెక్క కడతాడు. గెలిచినవాళ్ళకు బహుమతి ఏమిటంటే, కోర్టు పక్కన చేతులున్న కుర్చీ ఒక్కటే ఉంది, ఎర్ర ప్లాస్టిక్కుది. ఏడాదంతా దాని మీద కూర్చునే హక్కు.

ఆ కుర్చీ మీద నాలుగేళ్ళుగా కదిరప్పే కూర్చుంటున్నాడు. చేతుల మీద చేతులు ఆన్చి, మైసూరు దర్బారులో ఉన్నట్టు.

ఎట్లా గెలిచాడన్నది చీకటి సంగతి.

మొదటి ఏడు అతని వరసలో అందరికంటే పైన సహన పేరుండేది. చిరుతలా దూసుకుపోయే పిల్ల. ఒక బుధవారం పొద్దున ఆమె మడమకు టేపు చుడుతూ చుడుతూ అతని వేలు ఆగింది. లోపల ఏదో పురి విడిపోయిన తాడులా తగిలింది. కదిరప్ప ఏమీ మాట్లాడలేదు. ముగింపు ఈల పడకముందే సహన పేరు పీకి చిక్కమ్మకిచ్చి, బెంచీ మీద కూర్చునే పిల్లను తెచ్చుకున్నాడు. చిక్కమ్మ తన అదృష్టానికి మురిసి అతనికి ఆ పూట వడలు వేసింది. శనివారం సహన బంతికోసం ఎగిరి దిగింది. ఎండుకొబ్బరి చిప్ప పగిలిన చప్పుడు గ్యాలరీ చివరిదాకా వినబడింది.

రెండో ఏడు ఇంకో పిల్ల. మూడో ఏడు ఇద్దరు. నాలుగో ఏడు మళ్ళీ ఒకరు. ప్రతిసారీ బుధవారమో గురువారమో కదిరప్ప వరసలో ఒక ముక్క తగ్గేది, శనివారం ఒక పిల్ల స్ట్రెచర్ ఎక్కేది. మొదట చిక్కమ్మ దాన్ని దిష్టి అంది. నీ నాలుక నల్లదనుకుంటిని, నీ టేపు నల్లదప్పా అంది. పోనుపోను అందరికీ అర్థమైంది. అతనికి ముందే తెలుస్తోంది. అప్పటి నుంచి అమ్మాయిలు కోర్టులోకి రాగానే బూట్లు కట్టుకోకముందే స్టోరు గదిలోకి తొంగిచూసేవాళ్ళు. తమ పేరు ఉన్నచోటే ఉంటే ఊపిరి పీల్చుకునేవాళ్ళు. వానాకాలం తేమకు ఏ ముక్క మూలైనా కొద్దిగా లేచిందంటే, ఆ పేరుగల పిల్ల ఆ రోజు సగం జోరుతోనే ఆడేది. కోచ్ కూడా స్కానింగులు అడగడం మానేసి గోడను చూడడం మొదలుపెట్టాడు.

తాను తండ్రి కట్టుబాటే పాటిస్తున్నానని కదిరప్ప తనకు తాను చెప్పుకునేవాడు. ఆటకు ముందు చెప్పకూడదు, అంతే కదా. కాకపోతే ఆవులప్ప ఏ లంగోటా దాచినందుకూ కుర్చీ ఎక్కి కూర్చోలేదు. ఆ మాట గుర్తొచ్చినప్పుడల్లా కదిరప్ప ఏనుగు కథ ఎత్తుకునేవాడు.

ఈ ఏడు బంతి అతనివైపు మొగ్గింది. గోడను తాకీ తాకనట్టు ఆగింది. అతను మొదట ఏరుకున్నది హెప్సిబాను.

హెప్సిబాది ఒంగోలు వైపు కుటుంబం. తల్లి విజయకుమారి మారతహళ్ళిలో ఒక ఆస్పత్రిలో నర్సు. పిల్ల ఆరడుగులకు ఒక అంగుళం తక్కువ. బుట్ట కింద నిలబడిందంటే అవతలి టీము పిల్లలు బంతిని ఆకాశం మీద పెట్టినా అందుకుంటుంది. ఇరవై నాలుగేళ్ళు, జనవరికి ఇరవై అయిదు నిండుతాయి. డ్రాఫ్టయిన నెలకు ఒక ఆదివారం రైల్వే స్పోర్ట్స్ కోటాకు సెలక్షన్లు. వయసు లెక్కన ఆమెకు అదే ఆఖరిది. క్లబ్బు తరఫున ఒక్క పేరే పంపాలి, దానికి ముందు శుక్రవారం మధ్యాహ్నంలోపు. హెప్సిబా పోతుంది, ఏదైనా తేడా వస్తే ఆమె తర్వాత అంతటి ఆటగత్తె నళిని పోతుంది. ఆ సంగతి గేటు దగ్గర కుక్కలకు కూడా తెలుసు.

ఆ వారం మంగళవారం పొద్దున హెప్సిబా చాప మీద కూర్చుని ఎడమకాలు చాచింది. కదిరప్ప తన ఫ్యాక్టరీ మేనేజరు తనను జపాను పంపుతానని బతిమాలిన కథ చెబుతూ మోకాలి కింద వేలు పెట్టాడు. కథ సగంలో ఆగిపోయింది. బల్ల సొరుగు లాగితే పట్టు తప్పి ముందుకు వచ్చేసినట్టు, లోపల ఎముక జారింది. మళ్ళీ నొక్కి చూశాడు. మళ్ళీ జారింది. సహన మడమలో తగిలింది దీనిముందు ఏమీ కాదు.

హెప్సిబా అతని మొహం చూడలేదు. ఆ కోర్టులో ఎవరూ అతని మొహం చూడరు. వేలినే చూస్తారు.

"ఏంటంకుల్, ఆగారు?"

"ఏం లేదమ్మణ్ణీ. టేపు మడత పడింది."

"పడలేదు. నేను చూస్తున్నాగా." ఆమె గొంతు తగ్గించింది. "మెట్లు దిగేటప్పుడు ఒక్కోసారి ఈ కాలు నాది కాదన్నట్టు ఉంటంది. పదిహేను రోజుల నుంచీ. అమ్మకి చెప్పలేదు. ఎక్కువుందా?"

ఎంతుందో కదిరప్పకు తెలుసు. పూర్తిగా తెగడానికి ఇంకో రెండు ఎగురుళ్ళు చాలు. తండ్రి గొంతు చెవిలో వినబడింది, ఆటకు ముందు చెప్పొద్దని.

"రొంత సడలిండాది. అంతే," అన్నాడు.

ఆమె అతని చేతిని పట్టుకుంది. "అయితే నా పేరు గోడ మీద నుంచి తియ్యకండి. సార్ గోడే చూస్తారు. ఆదివారం దాకా ఉంచండి చాలు. మాటివ్వండి."

అతను మాటిచ్చాడు. ఇచ్చి, టేపు రెండు చుట్లు ఎక్కువ చుట్టాడు. ఆ పొద్దు ఆమె ఎగిరిన ప్రతిసారీ కుర్చీ చేతులను గట్టిగా పట్టుకున్నాడు.

బుధవారం అమరనాథ్ వచ్చాడు. హెప్సిబానిస్తే నళినినీ, ఇంకో మంచి ఆటగత్తెనూ ఇస్తానన్నాడు. ఒకరికి ఇద్దరు. ఏ ఓనరైనా ఎగిరి గంతేసే బేరం. మామూలు బుధవారమైతే కదిరప్ప అతని మాట ముగియకముందే ముక్క పీకేవాడు. ఆ రోజు వద్దన్నాడు. గది గుమ్మంలో నిలబడి కోచ్ మోహన్‌కుమార్ అంతా విన్నాడు. అతని మొహం విప్పారడం కదిరప్పకు కనబడింది. గోడ మీద హెప్సిబా పేరు కదలలేదు, కాబట్టి ఆమె కాలు ఇనుము. కోచ్ తలలో ఆ లెక్క తిరగడం గేరు పళ్ళు కలిసినంత స్పష్టంగా వినబడింది. కదిరప్ప కదలకుండా ఊరుకోవడమే ఇప్పుడు అబద్ధమైపోయింది. అతను జీవితంలో చెప్పిన అన్ని అబద్ధాల్లోకీ నోరు విప్పకుండా చెప్పింది అదొక్కటే. అందరూ నమ్మింది కూడా దాన్నే.

గురువారం ముగింపు ఈల పడింది. ఇక గోడకు తాళం పడ్డట్టే.

ఆ మధ్యాహ్నం అతను ఫ్యాక్టరీ బస్సెక్కలేదు. ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి షిఫ్టు ఎగ్గొట్టి మారతహళ్ళి బస్సెక్కాడు. వంతెన కింద ఫోను కవర్లు అమ్మే దుకాణంలో సహన పనిచేస్తోంది. నాలుగేళ్ళలో అతను ఒక్కసారి కూడా ఆ వైపు పోలేదు. కవరు తీయడానికి ఆమె బల్ల వెనక నుంచి రెండడుగులు వేసింది. ఆ రెండడుగులూ చూసి కదిరప్ప కళ్ళు దించుకున్నాడు. ఒక కాలు ముందు పోతే ఒళ్ళంతా దాన్ని బతిమాలుకుంటూ వెనక వస్తోంది.

ఏం కావాలని ఆమె అడగలేదు. అతను కవర్లను తిరగేస్తూ, ఆ బుధవారం నేను చెప్పింటే ఆటకు పోయేదానివా కాదా అని అడిగాడు.

సహన చాలాసేపు గాజుబల్లను గుడ్డతో తుడిచింది.

"పోయేదాన్నే. నాకు తలపొగరు ఎక్కువ కదా. కానీ తెలిసి పోయిన దాన్నవుతాంటి. ఆస్పత్రిలో పడుకోనుంటే చిక్కమ్మ వచ్చి చెప్పె, కదిరప్ప నిన్ను బుధవారమే మార్చేసినాడని. నా కాలు సంగతి నాకు చెప్పకుండా గోడకు చెప్తివే, మామా. కాలు గోడదా?"

అతని దగ్గర ఏనుగులు, జర్మన్లు, జపాను మేనేజర్లు చాలామంది ఉన్నారు. ఆ దుకాణంలోకి ఒక్కరూ రాలేదు. కొనని కవరును బల్ల మీద పెట్టి బయటపడ్డాడు.

శుక్రవారం పొద్దున మబ్బు పట్టి ఉంది. హెప్సిబా కాలు చాచగానే కదిరప్ప టేపు తీయకుండా ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మణ్ణీ, మొన్న రొంత అంటి. రొంత కాదు. లోపల పట్టు ముక్కాలు తెగిపోయుండాది. ఇంకా రెండు ఎగురుళ్ళకో నాలుగిటికో పూర్తిగా పోతాది. ఆమీట ఆట కాదు, నడిచేదే కష్టం. ఈ మాట మంగళవారమే చెప్పాల్సింది."

ఆమె చాచిన కాలు లాక్కుని లేచి నిలబడింది. ఏనుగు మోకాల్లో కూడా ఇట్టాగే వినబడిందా అని అడిగి, టేపు లేకుండానే కోర్టులోకి నడిచింది.

కదిరప్ప స్టోరు గదిలోకి పోయాడు. కోచ్ అక్కడే బల్ల దగ్గర కూర్చుని సెలక్షను ఫారం నింపుతున్నాడు. పక్కన అమరనాథ్, ఇడ్లీ గిన్నెతో చిక్కమ్మ. కదిరప్ప చెప్పాల్సిందంతా చెప్పాడు. చెబుతుండగానే హెప్సిబా గుమ్మంలోకి వచ్చి నవ్వింది. ఆ నవ్వు పళ్ళ దగ్గరే ఆగిపోయింది.

"సార్, అంకుల్ కథలు మీకు కొత్తా? నిన్నటిదాకా బాగానే ఉన్న కాలు ఈ పొద్దు పోయిందంట."

మోహన్‌కుమార్ పెన్ను ఆపలేదు. "కదిరప్పా, నీ నోరు నాకు పన్నెండేండ్లుగా తెలుసు. అది ఒక పొద్దన్నా నిజం చెప్పిందా? నీ గోడ మాత్రం అబద్ధం చెప్పలే. ఆ పిల్ల మోకాలు పోయుంటే బుధవారమే అమరనాథుకు అంటగట్టి నళినిని లాక్కోనుంటివి. ఆయప్పే అడిగె. నువ్వే కాదంటివి. నేను ఈ కండ్లతో చూస్తి."

కాదనడానికి ఏముంది? పన్నెండేళ్ళు టీ గ్లాసుల్లో పోసి పంచిపెట్టిన కోతలన్నీ ఆ గుమ్మంలో వరసగా నిలబడి కదిరప్పను చూస్తున్నాయి. నిజం చెప్పడానికి అతనికి మిగిలిన నోరు ఆ గోడ ఒక్కటే. దానికి నిన్ననే తాళం పడింది.

అతను గోడ దగ్గరికి నడిచాడు. అమరనాథ్‌కు ముందు అర్థమైంది. ఈల పడిపోయింది కదిరప్పా, ముట్టుకుంటే వరసంతా పోతుంది అన్నాడు. కదిరప్ప హెప్సిబా పేరు కింద గోరు దూర్చి లాగాడు. నెలరోజులు అంటుకున్న టేపు, సున్నంతో సహా చర్రుమని లేచింది. అంతటితో ఆగలేదు. రెండోది లాగాడు. మూడోది. ఆరూ పీకాడు. అతని పేరు కింద గోడ ఒలిచిన పండులా తెల్లగా మిగిలింది. చిక్కమ్మ గరిటె గిన్నెలోనే నిలిచిపోయింది.

తర్వాత బయటకు పోయి ఎర్ర కుర్చీని ఎత్తి తెచ్చి కోచ్ ముందు పెట్టాడు.

మోహన్‌కుమార్ కుర్చీని చూశాడు, గోడను చూశాడు, కదిరప్ప వేలిని చూశాడు. నాలుగేళ్ళుగా ఆ కుర్చీలో ఇంకొకరు నిమిషం కూర్చున్నా ఓర్చుకోని మనిషి అని అతనికి తెలుసు. ఫారం మీద పేరు కొట్టేసి నళిని అని రాశాడు. పెన్ను కాగితం మీద గీసిన చప్పుడు అందరికీ వినబడింది.

హెప్సిబా ఏడవలేదు. "మాటిచ్చారు," అంది కదిరప్పతో. ఆ ఒక్క మాటే అని, సంచీ భుజాన వేసుకుని గేటు దాటిపోయింది. ఎడమకాలు బాగానే పడుతోంది. ప్రతి అడుగూ బాగానే పడుతోంది. అది చూసి అమరనాథ్ అనుమానంగా కదిరప్ప వైపు తిరిగాడు. ఒకవేళ ఈసారి వేలే అబద్ధం చెప్పిందేమోనని అతని కళ్ళు అడిగాయి. ఆ ప్రశ్న కదిరప్ప మనసులో కూడా ఎక్కడో ఉంది.

పీకిన ముక్కల్లో అయిదు చెత్తబుట్టలో పడ్డాయి. హెప్సిబా పేరున్న ముక్క బొటనవేలికి అంటుకుని విదిలించినా రాలేదు. గీరి తీస్తే టేపు వచ్చింది, జిగురు మిగిలింది. కిరసనాయిలు పెట్టి రుద్దాడు. ఫ్యాక్టరీలో గ్రీజుతో రుద్దాడు. ఆ సాయంత్రం ఒక ఇరుసును నిమిరి సరిగ్గా ఉందన్నాడు. జర్మనీ యంత్రం లేదంది. ఇరవై ఆరేళ్ళలో అదే మొదటిసారి. సూపర్వైజరు యంత్రమే చెడిపోయి ఉంటుందని మెకానిక్కును పిలిపించాడు. మెకానిక్కు యంత్రమంతా విప్పి చూసి, దోషమేమీ లేదని మళ్ళీ బిగించి పోయాడు. కదిరప్ప ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇంకోసారి ఇంకో ఇరుసును ముట్టుకోవడానికి ధైర్యం చాలక, చేతికి పనున్నట్టు షిఫ్టంతా గుడ్డతో వేలు తుడుచుకుంటూ నిలబడ్డాడు.

శనివారం మధ్యాహ్నం మ్యాచులు ముగిశాక విజయకుమారి వచ్చింది. ఆస్పత్రి దుస్తుల్లోనే, చేతిలో పెద్ద కవరు. కోర్టు ఊడుస్తున్నది కదిరప్పేనా అని గేటు దగ్గర చిక్కమ్మను అడిగి, ఆమెతోపాటు దగ్గరకు వచ్చింది. హెప్సిబా రాత్రి తల్లికి కాలి సంగతంతా చెప్పిందట. పొద్దున స్కానింగు తీయించారు. లోపలి పట్టు ముక్కాలు తెగింది, మిగతాది దారప్పోగు మీద ఉంది. ఆపరేషను చేస్తే నడకకు ఢోకా లేదు. ఆట సంగతి ఏడాది తర్వాత చూడాలన్నారు. ఏడాది తర్వాత అంటే రైల్వే ఉద్యోగం లేదని ఆమె చెప్పలేదు. అక్కడున్న ముగ్గురికీ అది తెలుసు.

కదిరప్ప చీపురు పట్టుకుని వింటున్నాడు. వేలు సరిగ్గానే చెప్పింది. ఆ మాటకు ఎక్కడో గుండెలో ఒక మూల ఊపిరి ఆడింది.

"మీరు మంగళవారమే చూశారంట కదండీ?" అంది విజయకుమారి.

"అవునమ్మా."

"మంగళవారం తర్వాత బుధ, గురు, రెండు రోజులు అది ఎగురుతూనే ఉంది. ఏం చేస్తన్నారండీ ఆ రెండు రోజులూ?"

ఆమె గొంతు పెంచలేదు. నర్సులు వార్డులో మందు ఎప్పుడు వేసుకున్నారని అడిగినట్టు అడిగింది. జవాబు కోసం నిలబడింది. చిక్కమ్మ కూడా నిలబడింది, ఏదో ఒక కథ వస్తుందని. రాలేదు. విజయకుమారి కవరును చంకలో పెట్టుకుని బస్టాండు వైపు నడిచింది. కదిరప్ప ఊడ్చినచోటే మళ్ళీ ఊడ్చాడు.

ఆదివారం ఐదున్నరకు మినీబస్సు గేటు ముందు ఆగి ఉంది. సెలక్షన్లకు పోవాల్సిన నళిని చాప మీద కూర్చుని కుడి మడమ చాచింది. బాగేపల్లి వైపు పిల్ల, ఎవరినీ దేన్నీ లెక్కచేయనిది. ఆ రోజు మాత్రం విప్పిన బూటును ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. చుట్టూ పదిమంది అమ్మాయిలు మూగారు. కోచ్ చేతులు కట్టుకుని వెనక నిలబడ్డాడు. అలవాటు కొద్దీ నళిని స్టోరు గది వైపు చూసింది. తలుపు తెరిచే ఉంది. కదిరప్ప పేరు కింద ఖాళీ గోడ. అక్కడ చూడడానికి ఏమీ లేదు. ఆమె చూపు తిరిగి వచ్చి, వేలి మీద కూడా ఆగకుండా, అతని నోటి మీద నిలిచింది. తక్కిన పదిమందీ అక్కడే చూస్తున్నారు.

కదిరప్ప మడమ కింద బొటనవేలు పెట్టాడు. జిగురు ఇంకా పోలేదు. నొక్కాడు. ఏమీ తగలలేదు. ఇంకొంచెం లోపలికి నొక్కాడు. ఏమీ లేదు. పిల్ల మడమ గట్టిగా ఉండడంవల్ల లేదో, వేలికి కళ్ళు పోవడంవల్ల లేదో అతనికి తెలియలేదు. మొన్నటి ఇరుసు కూడా ఇట్లాగే నున్నగా, ఏమీ లేనట్టే తగిలింది.

"ఎట్లుండాది మామా?" అంది నళిని. "ఉన్నదున్నట్టు నోటితో చెప్పు."

చిక్కమ్మ టీ గ్లాసు అందించబోయి ఆగింది. డ్రైవరు ఒకసారి హారను కొట్టాడు. కదిరప్ప ఆమె మడమ మీద నుంచి వేలు తీశాడు.

"నాకు తెలీలేదమ్మా," అన్నాడు.

అతని నోటి నుంచి ఆ మాట వినడం అక్కడ ఎవరికీ అలవాటు లేదు. నళిని కాలు వెనక్కి తీసుకుని, బూటు తొడుక్కుని, తాడు బిగించి ముడి వేసింది. మీద ఇంకో ముడి వేసింది. లేచి బస్సు దాకా నడిచింది. మెట్టెక్కేటప్పుడు కుడికాలు ముందు పెట్టబోయి, ఒక్క క్షణం ఆగి, ఎడమకాలు పెట్టింది.